నీటి రసీదు, కరెంటు బిల్లు: పన్ను మినహాయింపు ఎవరికి?

"పంచాయతీ నీళ్లపథకానికి పన్ను లేదట కదా మాస్టారూ! మరి మాకెందుకు నీటిపన్ను?" రసీదు కన్నడంలో ఉన్నా, తెలుగులో ఉన్నా సరిహద్దు పల్లెల్లో వినవచ్చే ప్రశ్న ఇదే. దీనికి సమాధానం తెలియాలంటే రెండు విషయాలను వేరుచేసి చూడవలసి ఉంటుంది.

కుళాయికి మనం చెల్లించే సొమ్మును వాడుకలో నీటిపన్ను అంటున్నప్పటికీ, అది అందిన సేవకు ఇచ్చే రుసుము. మినహాయింపు మనకు కాదు. ఆ రుసుముల వల్ల పంచాయతీకి సమకూరే ఆదాయానికి.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 10(20) సెక్షన్ ద్వారా స్థానిక సంస్థలకు ఈ వెసులుబాటు కల్పించింది. ఇందులో గమనింపదగిన విశేషం ఒకటి ఉంది. ఇతర సరుకులు, సేవల విషయంలో సంస్థ తన హద్దులలో పొందిన ఆదాయానికే మినహాయింపు ఇచ్చిన ఆ చట్టం, నీటికి, విద్యుత్తుకు మాత్రం హద్దు విధించలేదు. పొరుగూరికి నీరిచ్చి రుసుము తీసుకున్నా ఆ ఆదాయంపై పన్ను పడదు.

అయితే "స్థానిక సంస్థ" అంటే ఎవరు? 2002లో చేసిన సవరణ ఆ నిర్వచనాన్ని పంచాయతీలు, పురపాలక సంఘాలు, పురపాలక కమిటీలు, జిల్లా బోర్డులు, కంటోన్మెంటు బోర్డులకు పరిమితం చేసింది. ప్రభుత్వం స్థాపించినంత మాత్రాన ప్రతి సంస్థకూ ఆ పేరు వర్తించదు.

రాజ్యాంగం 289వ అధికరణం రాష్ట్రాల ఆదాయాన్ని కేంద్ర పన్నుల నుండి కాపాడుతుంది. కాని ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ వ్యాజ్యంలో 1964లో సుప్రీంకోర్టు, కార్పొరేషన్ వేరు, రాష్ట్రం వేరు అని స్పష్టం చేసింది. విద్యుత్ బోర్డులను విడదీసి ఏర్పరచిన పంపిణీ కంపెనీలు సర్కారువే అయినా, ఆదాయపు పన్ను దృష్టిలో కంపెనీలే.

ఇక కరెంటు బిల్లులో కనిపించే విద్యుత్ సుంకం రాష్ట్రాలు విధించేది. అందుచేతనే సరిహద్దుకు అటూ ఇటూ ఆ మొత్తం వేరుగా ఉంటుంది. రైల్వేలు, కేంద్ర ప్రభుత్వం వాడుకునే విద్యుత్తుకు 287వ అధికరణం మినహాయింపు ఇచ్చింది, గృహస్థులకు ఇవ్వలేదు. వాడిన కరెంటుపైన, కుళాయి నీటిపైన జీఎస్టీ లేదు. సీలు వేసి అమ్మే నీటి సీసాకు మాత్రం ఉంది.

ఈ మినహాయింపు వల్ల మనకు ఒరిగేదేమి? ఆదాయపు పన్నుగా పోని ప్రతి రూపాయీ ఊరిలోనే మిగలాలి. మోటారు మరమ్మతుకు, పైపులకు, బ్లీచింగు పొడికి ఉపయోగపడాలి. కనుక రసీదును భద్రపరచుకొని, గ్రామసభలో నీటిపథకం జమాఖర్చులు అడగండి. పథకాన్ని మరో సంస్థకు అప్పగిస్తామన్న మాట వస్తే, ఆదాయం ఎవరి పేరున జమ అవుతుందో ముందుగా తెలుసుకోండి. మినహాయింపు నిలిచేదీ, పోయేదీ ఆ పేరును బట్టియే.