ఒనోరే దోమియే
ఒనోరే దోమియే (ఫిబ్రవరి 26, 1808 - ఫిబ్రవరి 1879) ఫ్రాన్సు దేశానికి చెందిన సుప్రసిద్ధ వ్యంగ్య చిత్రకారుడు, శిల్పి. 'లా కారికాత్యూర్', 'ల షరివారి' అనే వ్యంగ్య పత్రికల ద్వారా ప్రసిద్ధి పొందాడు. ఇతడు వేసిన శిలాముద్రణ చిత్రాలు సుమారు 4,000. రాజును పరిహసించి జైలుకు వెళ్ళాడు. రాజకీయ చిత్రాలను చట్టం అణచివేసినపుడు సమాజాన్నే చిత్రవస్తువుగా స్వీకరించాడు.

బాల్యం

దోమియే మార్సెయ్ నగరంలో జన్మించాడు. తండ్రి అద్దాలు బిగించే పనివాడు. కవిగా పేరు తెచ్చుకోవాలని అతడు పారిస్ చేరగా, 1816లో కుటుంబం కూడా అక్కడికి వెళ్ళింది. పేదరికం కారణంగా దోమియే చిన్న వయసులోనే కోర్టు అమీనా వద్ద, తరువాత పుస్తకాల దుకాణంలో పనిచేశాడు. ఆ పిమ్మట లిథోగ్రఫీ అనే శిలాముద్రణ నేర్చుకున్నాడు. ఇందులో నునుపైన సున్నపురాతి పలకపై జిడ్డు కలిగిన పెన్సిలుతో బొమ్మ గీస్తారు. రాతిని తడిపి సిరా పూస్తే, జిడ్డు గీతలకు మాత్రమే సిరా అంటుకుంటుంది. చిత్రకారుని గీత చెక్కేవారి చేతిలో మారకుండా, వేగంగా అచ్చవుతుంది కనుక పత్రికలకు ఈ పద్ధతి అనుకూలించింది.

కారాగారవాసం

1830 జూలై విప్లవం తరువాత లూయీ ఫిలిప్ రాజయ్యాడు. పత్రికా స్వేచ్ఛకు మాట ఇచ్చిన ఆ ప్రభుత్వమే త్వరలో పత్రికలపై కేసులు పెట్టసాగింది. షార్ల్ ఫిలిపోన్ స్థాపించిన లా కారికాత్యూర్‌లో దోమియే చేరాడు. 1831 డిసెంబరులో వేసిన 'గర్గాంత్యువా' చిత్రంలో రాజును మహాకాయునిగా చూపాడు. పేదలు తెచ్చిన ధనం బల్లమీదుగా అతని నోటిలోకి చేరుతుంటే, ఆసనం క్రింద నుండి పదవులు, బిరుదుల పత్రాలు రాలుతుంటాయి. దీనికి ఆరు నెలల జైలుశిక్ష పడింది. మొదట శిక్ష అమలు కాకపోయినా, అతడు వ్యంగ్యం మానకపోవడంతో 1832 ఆగస్టులో నిర్బంధించారు.

విడుదలైన తరువాత అతని విమర్శ మరింత పదునెక్కింది. 1834 ఏప్రిల్‌లో పారిస్‌లోని ట్రాన్స్‌నోనేన్ వీధిలో సైనికులు ఒక ఇంట్లో చొరబడి నివాసులను చంపారు. దోమియే ఆ పడకగదిని చిత్రించాడు. రాత్రి దుస్తులలో మరణించి పడి ఉన్న మనిషి, అతని దేహం క్రింద ఒక పసిబిడ్డ కనిపిస్తారు. ఇందులో పరిహాసం లేదు. శవాలు తప్ప హంతకులు కనబడరు.

సామాజిక వ్యంగ్యం

1835 సెప్టెంబరు చట్టాలు చిత్రాలపై ముందస్తు సెన్సారు విధించాయి. లా కారికాత్యూర్ ఆగిపోయింది. దోమియే ల షరివారిలో 'రొబేర్ మకేర్' అనే మోసగాని చిత్రాలు వేశాడు. మకేర్ ఒకసారి బ్యాంకరు, మరొకసారి వకీలు, వైద్యుడు. రాజు పేరెత్తకుండానే ఆనాటి ధనదాహాన్ని ఈ చిత్రాలు బయటపెట్టాయి. 1845 నుండి న్యాయవాదులపై వేసిన చిత్రమాల కూడా ప్రసిద్ధమైనది. చిత్రాల క్రింది వ్యాఖ్యలను సాధారణంగా ఇతరులు వ్రాసేవారు.

చివరి దశ

1860లో ల షరివారి ఇతనిని తొలగించింది. కొన్నేళ్ళకు తిరిగి తీసుకున్నది. 'మూడవ తరగతి పెట్టె' వంటి తైలవర్ణ చిత్రాలు వేసినా, జీవితకాలంలో వర్ణచిత్రకారునిగా గుర్తింపు అంతగా రాలేదు. 1870లో ప్రభుత్వ పురస్కారమైన లెజియన్ ఆఫ్ ఆనర్‌ను నిరాకరించాడు. వృద్ధాప్యంలో చూపు మందగించింది. 1878లో పారిస్‌లో ఇతని వర్ణచిత్రాల ప్రదర్శన జరిగింది. మరుసటి సంవత్సరం వాల్మొందువా గ్రామంలో మరణించాడు.