పొట్టి గుర్రం... గట్టి గుర్రం!

"పొట్టి గుర్రం ఏం దూకుతుందండీ! పెద్ద గుర్రం ఎక్కించండి, అప్పుడే పిల్లకి దూకించడం వస్తుంది..."

సికింద్రాబాద్‌లో పన్నెండేళ్ల కూతుర్ని గుర్రపు స్వారీకి పంపుతున్న నా స్నేహితురాలికి తోటి తల్లులు ఇచ్చిన సలహా ఇది. ఆవిడ విన్నారు. రెండేళ్లుగా పాప ఎక్కుతున్న పోనీని మాన్పించి ఎత్తయిన గుర్రం ఎక్కించారు. మూడోవారం అడ్డకర్ర దాటబోయి పాప కిందపడింది. మణికట్టు విరిగింది. కట్టు విప్పాక "ఎక్కితే నా చిట్టినే ఎక్కుతా, లేకపోతే అసలు ఎక్కను" అని భీష్మించుకు కూర్చుంది. చిట్టి అంటే ఆ పోనీయే!

ఇంతకీ తప్పెవరిది? పాపదా, గుర్రానిదా, సలహా ఇచ్చినవాళ్లదా?

సికింద్రాబాద్‌కి గుర్రాలు కొత్తేం కాదు. 1806లో సికందర్ జా పేరుమీద వెలిసిన కంటోన్మెంట్ ఊరిది. తర్వాత్తర్వాత రైలు దిగినవాళ్లని ఇంటికి చేర్చిన జట్కాలకి కట్టినవీ చాలావరకు పొట్టి గుర్రాలే. 1896 నవంబరులో విన్‌స్టన్ చర్చిల్ అనే కుర్ర సైనికాధికారి బెంగళూరు నుంచి పోలో ఆడటానికి ఇక్కడికొచ్చాడు. వాళ్ల జట్టు గోల్కొండ కప్పు గెలిచింది. హైదరాబాద్ రెసిడెంటుగారి అమ్మాయి పమేలా పరిచయమైందీ అప్పుడే. ఇద్దరూ ఏనుగెక్కి ఊరు చూశారట... అది వేరే కథనుకోండి. పోలో గుర్రాల్ని ఇప్పటికీ 'పోనీ'లనే అంటారు గానీ, వాటికి ఇంత ఎత్తే ఉండాలన్న నిబంధనని 1919లోనే ఎత్తేశారు. అంటే అవి పేరుకే పోనీలు.

మూర కాదు, చెయ్యి!

మనం మల్లెపూలని మూరల్లో కొలిచినట్టు గుర్రాల్ని చేతుల్లో కొలుస్తారు. ఒక 'హ్యాండ్' అంటే నాలుగంగుళాలు. మన బెత్తెడుకి బొటనవేలు కూడా కలిపితే సుమారుగా అంత. నేల నుంచి తలదాకా కొలుస్తారనుకునేరు, కాదు. మెడా వీపూ కలిసేచోట భుజాల మధ్య ఎత్తుగా ఉంటుందే, అక్కడివరకే. తల ఎత్తుతుంది, దించుతుంది, దాంతో లెక్కేం కుదురుతుంది? ఈ లెక్కన 14.2 చేతుల వరకు ఉంటే పోనీ. ఆ చుక్క చూసి దశాంశమని పొరబడకండి. పద్నాలుగు చేతుల రెండంగుళాలు, అంటే నాలుగడుగుల పది అంగుళాలన్నమాట. అంతర్జాతీయ పోటీల్లో లాడాలు లేకుండా 148 సెంటీమీటర్లు దాటకూడదు. జాతి మాత్రం గుర్రం జాతే.

మరి ఎత్తుని బట్టి దూకుడు ఉంటుందా? కొంత ఉంటుంది. కాదంటే అబద్ధమే. పొడవు కాళ్ల గుర్రం దేహం ముందే ఎత్తులో ఉంటుంది కాబట్టి కర్ర దాటడానికి ఇంకాస్త లేస్తే చాలు. 1949లో చిలీలో హువాసో అనే గుర్రం 2.47 మీటర్లు దూకింది. ఆ రికార్డుని ఇప్పటికీ ఏ గుర్రమూ చెరపలేదు, పోనీ సంగతి సరేసరి. కానీ గుర్రాన్ని పైకి లేపేది కాళ్ల పొడవు కాదు, వెనక తొడల బలం. అడ్డం దగ్గరికి రాగానే వెనక కాళ్లని కడుపు కిందికి తెచ్చుకుని, స్ప్రింగులా నొక్కి వదులుతుంది. పోనీకి లేపుకోవాల్సిన బరువూ తక్కువే. ఇక గుండె ధైర్యం కొలిచే టేపు ఇంకా రాలేదు కదా!

అసలు చిక్కు ఎత్తులో కాదు, అంగలో ఉంది. పెద్ద గుర్రం దౌడులో ఒక అంగ సుమారు పన్నెండడుగులు. రెండు అడ్డకర్రల మధ్య ఇరవై నాలుగడుగులు వదిలారనుకోండి. దిగడానికి ఆరు, మధ్యలో ఒక అంగ, లేవడానికి ఆరు... సరిపోయింది. అక్కడికి పది అడుగుల అంగ వేసే పోనీని తెస్తే? ఒక అంగకి దూరం ఎక్కువ, రెండంగలకి తక్కువ. పాపం, అది ఆగిపోతే "చూశారా, పొట్టిది దూకలేదు" అంటాం. అందుకే పోనీల పోటీల్లో కర్రలని దగ్గరగా పెడతారు. మా స్నేహితురాలి పాపకి జరిగింది దీనికి తిరగేసిన కథ. చిన్న అంగకి అలవాటైన పిల్ల. పెద్ద గుర్రం తననుకున్నదానికంటే ముందే, దూరం నుంచే లేచింది. పాప వెనక్కి పడి, కంగారులో కళ్లెం లాగింది. ఇంకేముంది!

పళ్లెం దక్కించిన స్ట్రోలర్

పొట్టిదే ఒలింపిక్స్‌కి వెళ్లి పతకం తెచ్చిందంటే నమ్ముతారా? ఇంగ్లండులో మారియన్ కోక్స్ అనే అమ్మాయికి స్ట్రోలర్ అని ఒక పోనీ ఉండేది. 14.1 చేతులు. తను పెద్దవాళ్ల పోటీలకి వెళ్లే వయసు రాగానే నాన్న దాన్ని అమ్మేద్దామన్నాడు. ఆమె ఒప్పుకోలేదు, బతిమాలి ఉంచుకుంది. 1965లో ఆడవాళ్ల ప్రపంచ ఛాంపియన్ అయింది. 1967లో హిక్‌స్టెడ్ డెర్బీ గెలిచింది. అక్కడ పదిన్నర అడుగుల మట్టిదిబ్బ మీంచి గుర్రాన్ని దించాలి! 1968లో మెక్సికో ఒలింపిక్స్. తన భుజాలకంటే ఎత్తయిన అడ్డాలని దూకి స్ట్రోలర్ ఆమెకి వెండి పతకం తెచ్చిపెట్టింది. అప్పటికామెకి ఇరవై ఒక్కేళ్లు. ఒలింపిక్స్ జంపింగ్‌లో ఆడవాళ్లని మగవాళ్లతోపాటు పోటీకి రానిచ్చిందే 1956లో. ఆ తర్వాత పన్నెండేళ్లకే ఇది. అదే ఒలింపిక్స్ జట్టు పోటీలో మాత్రం ఈ జోడీకి కలిసిరాలేదు, పోటీ నుంచి తప్పించారు. స్ట్రోలర్ 36 ఏళ్లు బతికింది.

అమెరికాలో కరెన్ ఓకానర్ సంగతీ అంతే. ఐదు పదులకి ఏడాది తక్కువలో, 2007 పాన్ అమెరికన్ క్రీడల్లో రెండు బంగారు పతకాలు గెలిచారు. ఆవిడెక్కిన థియొడోర్ ఓకానర్ కూడా పోనీ కొలతల్లోదే.

మీ పిల్లల్ని పంపుతుంటే ముందు చూడాల్సింది బరువు. జీనుతో సహా పిల్ల బరువు గుర్రం బరువులో ఐదోవంతు మించకూడదన్నది చాలామంది పాటించే లెక్క. 250 కిలోల పోనీ మీద యాభై. తర్వాత, కూర్చున్నప్పుడు పాప మడమలు గుర్రం పొట్టని తాకుతున్నాయా? జీను అంచు దగ్గరే ఆగిపోతే తను చెప్పేది గుర్రానికి తెలీదు. హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించాలి, చున్నీ ఇంట్లో పెట్టి రావాలి. పోనీకి బలం రావాలని ఇంట్లోంచి ఉలవలు డబ్బాల్లో పట్టుకెళ్లకండి. దాని దాణా లెక్క సాకేవాళ్లకి తెలుసు.

పాప దసరా సెలవుల్నుంచి మళ్లీ వెళ్తోంది. చిట్టి మీదే. కర్ర ప్రస్తుతం రెండడుగుల ఎత్తులో ఉంది. "ఈ ఆదివారం అరడుగు పెంచమని సార్‌ని అడుగుతానాంటీ, అమ్మకి చెప్పకండేం" అంది మొన్న ఫోన్లో.

వాళ్లమ్మ ఈ పేజీ వదలకుండా చదువుతుందని దానికి తెలీదు.