ఒక్కడే చేసే వెబ్ యాప్: చిన్నగా మొదలుపెట్టి జనం చేతికి ఇవ్వడం ఎలా?

నెల్లూరు జిల్లా వెంకటాచలం మండలం కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. దాని అనుబంధ కాలేజీల్లో కంప్యూటర్ సబ్జెక్టుతో డిగ్రీ చేసిన పిల్లలు చెన్నైకో, హైదరాబాద్‌కో ఉద్యోగాలకు బయలుదేరుతారు. ఇంటర్వ్యూలో ఎదురయ్యే ప్రశ్నల్లో ఒకటి చాలామందిని తడబడేలా చేస్తుంది: "సొంతంగా ఏం తయారు చేశావు?" సర్టిఫికెట్లు ఉంటాయి కానీ చూపించడానికి పని ఉండదు. మరికొందరు పెద్ద యాప్ చేయాలని ఆరు నెలలు గదిలో కూర్చుంటారు. అది పూర్తి కాదు, ఎవరూ వాడరు.

ఈ రెండింటికీ మధ్య దారి ఒకటి ఉంది. దాన్ని మినిమమ్ వయబుల్ ప్రాడక్ట్, క్లుప్తంగా ఎంవీపీ అంటారు. అంటే, ఒక్క అవసరాన్ని నిజంగా తీర్చే అతి చిన్న యాప్. అమెరికాకు చెందిన ఎరిక్ రీస్ 2011లో రాసిన 'ది లీన్ స్టార్టప్' పుస్తకంతో ఈ మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. కానీ మన తెలుగువాళ్లు అంతకుముందే ఇలాంటి పని చేసి చూపించారు.

లేఖిని చెప్పే పాఠం

2006 ప్రాంతంలో కంప్యూటర్‌లో తెలుగు రాయాలంటే చాలామందికి పెద్ద తలనొప్పి. సెట్టింగులు మార్చాలి, సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. నెట్ సెంటర్‌లో కూర్చున్నవాళ్లకు అది కుదిరేది కాదు. అప్పుడు వీవెన్ 'లేఖిని' అనే వెబ్ పేజీ తెచ్చారు. ఒక పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాలతో 'అమ్మ' అని కొడితే, ఇంకో పెట్టెలో తెలుగులో వచ్చేది. కాపీ చేసుకుని కావాల్సిన చోట పెట్టుకోవడమే. అందులో ఇంకో విశేషం కూడా ఉంది. అక్షరాలు మార్చే అసలు పనికి వెన్న నాగార్జున అంతకుముందే తయారు చేసిన 'పద్మ' అనే ఉపకరణం ఆధారమైంది. ఉన్నదాన్ని వాడుకుని, లేనిదాన్ని మాత్రమే కొత్తగా చేశారు. ఒక్కడే పని చేసేవాళ్లకు ఇంతకంటే మంచి సూత్రం లేదు.

ఒక్క పని ఎంచుకోవడం

ఇంట్లో అమ్మీ కుట్టుపని చేస్తారనుకుందాం. నోటుబుక్కులో పేర్లు, ఫోన్ నంబర్లు, కొలతలు, అడ్వాన్సు, బాకీ, ఇవ్వాల్సిన తేదీ అన్నీ ఉంటాయి. రంజాన్ పండుగ దగ్గరపడే కొద్దీ బట్టలు కుప్పలు పడతాయి, తేదీలు కలగాపులగం అవుతాయి. కొడుకో కూతురో దీనికి యాప్ చేద్దామనుకుంటే, కోడ్ రాసే ముందు రెండు రోజులు ఆమె పక్కన కూర్చుని చూడాలి. ఎక్కువగా ఎక్కడ ఇబ్బంది పడుతున్నారు? అది తేదీల దగ్గరైతే, యాప్ చేయాల్సింది ఒక్కటే. ఈ వారం ఎవరి బట్టలు ఇవ్వాలో వరుసగా చూపించాలి.

లాగిన్, డిజైన్ ఫోటోలు, ఆన్‌లైన్ చెల్లింపు ఇప్పుడు వద్దు. డబ్బులకు గోడ మీద క్యూఆర్ కోడ్ ఉండనే ఉంది.

తయారీ

కొత్త భాష నేర్చుకుని మొదలుపెట్టాలని చూస్తే నెల అక్కడే పోతుంది. వచ్చినదానితోనే చేయాలి. ఈ యాప్‌కు హెచ్‌టీఎంఎల్, కొద్దిగా జావాస్క్రిప్ట్ సరిపోతాయి. వివరాలను ఫోన్ బ్రౌజర్‌లోనే దాచుకోవచ్చు కాబట్టి సర్వర్ అక్కర్లేదు. అలాంటి పేజీని గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టుకోవచ్చు.

ఇందులో ఒక లోపం ఉంది. ఫోన్ పోయినా, బ్రౌజర్ డేటా తుడిచేసినా వివరాలన్నీ పోతాయి. అందుకే వివరాలను ఫైలుగా దించుకునే బటన్ ఒకటి తప్పనిసరిగా ఉండాలి. మొదటి నెల నోటుబుక్కు కూడా కొనసాగించాలి. ఇద్దరు ముగ్గురు వేర్వేరు ఫోన్లలో ఒకే జాబితా చూడాల్సి వచ్చినప్పుడు సర్వర్, డేటాబేస్ గురించి ఆలోచించవచ్చు. గడువు మాత్రం మూడు వారాలు దాటనివ్వకూడదు.

ఇతరుల వివరాలు అమానత్

ఆడవాళ్ల కొలతలు, ఫోన్ నంబర్లు నమ్మకంతో ఇచ్చినవి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో దేశంలో చట్టం కూడా వచ్చింది. అవసరమైనవే తీసుకోవాలి, ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి. గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టే కోడ్‌లో అసలు కస్టమర్ల పేర్లు, పాస్‌వర్డులు ఉండకూడదు. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

విడుదల అంటే ఐదుగురు

విడుదల అంటే ప్లే స్టోర్‌లో పెట్టడం, పోస్టర్లు వేయడం కాదు. కుట్టుపని చేసే ఐదుగురికి వాట్సాప్‌లో లింకు పంపితే చాలు. వాళ్లు వాడుతుంటే పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా చూడాలి. వేలు ఎక్కడ ఆగిందో అక్కడ యాప్ తప్పు ఉన్నట్టే. "బాగుందా?" అని అడిగితే చుట్టాలందరూ "మాషా అల్లాహ్, చాలా బాగుంది" అంటారు. దానివల్ల ఏమీ తెలియదు. "ఈ వారం ఎన్నిసార్లు తెరిచారు?" అని అడగాలి.

జవాబు 'ఒక్కసారి కూడా లేదు' అని వచ్చినా కుంగిపోనక్కర్లేదు. సామ ఫణీంద్ర 2005 దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాద్ రావడానికి బస్సు టికెట్ దొరక్క ఇబ్బందిపడ్డారు. స్నేహితులతో కలిసి ముందు బస్సుల యజమానుల కోసం సాఫ్ట్‌వేర్ చేస్తే వాళ్లు ఆసక్తి చూపలేదు. అప్పుడు పద్ధతి మార్చి నేరుగా ప్రయాణికులకే ఆన్‌లైన్‌లో టికెట్లు అమ్మడం మొదలుపెట్టారు. అదే 2006లో వచ్చిన రెడ్‌బస్. 2013లో దాన్ని ఐబిబో గ్రూప్ కొనుగోలు చేసింది.

ఇంట్లో పెద్దలు చేయాల్సింది కూడా ఉంది. దీనికి అప్పు చేయాల్సిన పని లేదు, ఖరీదైన కోర్సు కొనాల్సిన పనీ లేదు. పాత ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, మూడు వారాల సమయం ఇస్తే చాలు. యాప్ నిలబడకపోతే పోయేది ఆ మూడు వారాలే. నిలబడితే అమ్మీకి పండుగ ముందు తేదీల గొడవ తప్పుతుంది, పిల్లలకు ఇంటర్వ్యూలో ఫోన్ తీసి చూపించడానికి సొంత పని ఒకటి ఉంటుంది.