మీకు తెలుసా? ఆయిల్ నల్లబడితే చెడిపోయినట్టు కాదు

డీజిల్ కారు బానెట్ ఎత్తి గేజి బయటికి లాగితే ఆయిల్ కాటుకలా నల్లగా కనిపిస్తుంది. అది చూసి "ఆయిల్ అయిపోయింది సార్, మార్చేయండి" అనేవాళ్లు ఏ రోడ్డు పక్కనైనా దొరుకుతారు. కొత్త ఆయిల్ పోసిన కొన్ని వందల కిలోమీటర్లకే డీజిల్ ఇంజన్‌లో ఆ నలుపు వచ్చేస్తుంది. డీజిల్ మండేటప్పుడు పుట్టే మసి ఇంజన్ లోపల పేరుకోకుండా తనలో పట్టి ఉంచుకునేలా ఆ ఆయిల్‌లో రసాయనాలు కలుపుతారు. నల్లబడిందంటే అది తన పని చేస్తోందన్నమాట. మార్చాలా వద్దా అన్నది కిలోమీటర్లూ నెలలూ లెక్క చూసి తేల్చుకోవాలి. ప్రయాణంలో మనం చూడాల్సింది రంగు కాదు, మట్టం.

ఆ మట్టం చూడటానికీ ఒక పద్ధతి ఉంది. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమల ఘాట్ ఎక్కుతూ మధ్యలో వాలు మీద బండి ఆపి గేజి చూస్తే అది చెప్పేది తప్పే. చదును నేల మీద ఆపి, ఇంజన్ కట్టేసి, పైకి వెళ్లిన ఆయిల్ ఛాంబర్‌లోకి దిగేదాకా ఐదు పది నిమిషాలు ఆగాలి. గేజి తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి, అప్పుడు తీసి చూడాలి. చాలా కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా ఇంచుమించు ఒక లీటరు. మట్టం సగంలో ఉంటే ఏమీ పోయనక్కర్లేదు.

మన సీమలో గట్టిగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది. మే నెలలో నంద్యాల ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది కాబట్టి చిక్కటి ఆయిల్ పోయాలని. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే అందులో మొదటి అంకె చలి సంగతి. 5డబ్ల్యూ ఆయిల్‌కు పరీక్ష మైనస్ 30 డిగ్రీల దగ్గర, 15డబ్ల్యూకు మైనస్ 20 దగ్గర. అంత చలి మనం ఎన్నడూ ఎరగం. రెండో అంకె వేడెక్కిన ఆయిల్ చిక్కదనం, దాన్ని 100 డిగ్రీల దగ్గర కొలుస్తారు. 30 నంబరు ఆయిల్ అక్కడ 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు ఉండాలి, 40 నంబరుది 12.5 నుంచి 16.3 లోపు. బయట ఎండ 45 ఉన్నా 25 ఉన్నా, కూలెంట్ వేడిని థర్మోస్టాట్ అదుపులో ఉంచుతుంది కాబట్టి నడుస్తున్న ఇంజన్‌లో ఆయిల్ వేడి దాదాపు ఆ వంద దగ్గరే తిరుగుతూ ఉంటుంది. ఇంజన్ చేసినవాళ్లు 5డబ్ల్యూ-30 మాత్రమే అని రాస్తే, ఎండ పేరు చెప్పి 20డబ్ల్యూ-50 పోయడం మేలు కాదు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఆ చిక్కటి ఆయిల్ టర్బో దాకా చేరడానికి ఆలస్యమవుతుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే టర్బో ఇరుసు ఒక పలచటి ఆయిల్ పొర మీదే తేలుతూ ఉంటుంది. కొన్ని మాన్యువల్‌లు వాతావరణాన్ని బట్టి రెండు మూడు గ్రేడులకు ఒప్పుకుంటాయి. అలా రాసి ఉంటే నిశ్చింతగా ఎంచుకోవచ్చు.

అయితే గ్రేడు కన్నా ముందు చూడాల్సినవి ఇంగ్లిషు అక్షరాలు. డబ్బా మీద ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) గుర్తు పక్కన అక్షరాలు 'ఎస్'తో మొదలైతే పెట్రోలు ఇంజన్‌కు, 'సీ'తో మొదలైతే డీజిల్‌కు. సీఐ-4 వచ్చింది 2002లో, సీకే-4 వచ్చింది 2016 డిసెంబరులో. చివర ఉన్న 4 ఫోర్ స్ట్రోక్ ఇంజన్ అని చెబుతుంది. రెండు రకాల అక్షరాలూ ఒకే డబ్బా మీద ఉంటే కంగారు పడొద్దు, ఆ ఆయిల్ రెండు పరీక్షలూ నెగ్గిందని దానర్థం. యూరప్ పద్ధతిలో డిజైన్ చేసిన ఇంజన్‌లైతే ఏసీఈఏ ఏ3/బీ4, సీ2, సీ3 లాంటి గుర్తులు అడుగుతాయి.

2020 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బీఎస్-6 డీజిల్ కారు మీదైతే ఈ అక్షరాల విషయంలో రాజీ పడొద్దు. దాని పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే వడపోత ఉంటుంది. అందులో చేరిన మసిని కారు తనంతట తానే కాల్చేసుకుంటుంది. కానీ ఆయిల్‌లో కలిపిన కాల్షియం, జింకు లాంటివి కాలిన తర్వాత మిగిలే బూడిద మళ్లీ కాలదు, అక్కడే ఉండిపోతుంది. అందుకే ఈ కార్లకు బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ చెబుతారు. ఏసీఈఏ సీ3లో బూడిద 0.8 శాతం మించకూడదు, ఏపీఐ సీకే-4లో ఒక శాతం. పాత లారీ ఆయిళ్లలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

ఇప్పుడు మహానంది చుట్టుపక్కల కార్తీక మాసంలో తిరిగే కార్ల సంగతి. నవనందుల దర్శనం ఒకే రోజులో పూర్తి చేయాలని చాలామంది వస్తారు. ప్రథమ నంది, నాగ నంది, సోమ నంది నంద్యాల ఊళ్లోనే ఉన్నాయి. సూర్య, శివ, కృష్ణ నందులు దారిలో, గరుడ, వినాయక నందులు మహానందిని ఆనుకుని. నాలుగైదు కిలోమీటర్లు నడపడం, ఆపడం, దర్శనం, మళ్లీ స్టార్ట్. డీపీఎఫ్ ఉన్న కారుకు ఈ తిరుగుడు ఇబ్బందే. మసి కాల్చాలంటే ఇంజన్ అదనంగా కాస్త డీజిల్ చల్లి పొగగొట్టాన్ని బాగా వేడెక్కించాలి, అందుకు ఆగకుండా కాసేపు పరుగు కావాలి. మధ్యలో ఇంజన్ కట్టేస్తే ఆ పని సగంలో ఆగిపోతుంది. చాలా ఇంజన్‌లలో ఆ అదనపు డీజిల్‌ను సిలిండర్‌లోకే చల్లుతారు, అందులో కొంత గోడల వెంట జారి ఛాంబర్‌లోని ఆయిల్‌లో కలుస్తుంది. పల్లె, సంత, గుడి అంటూ నెలల తరబడి చిన్నచిన్న దూరాలే తిరిగే కార్లలో ఇలా జరిగి ఆయిల్ మట్టం తగ్గకపోగా పెరుగుతుంది! గేజిలో పై గీత దాటి కనిపిస్తే "భలే, ఆయిల్ తాగడం లేదు" అని సంతోషించొద్దు. అది పలచబడిన ఆయిల్, దాన్ని మార్చాల్సిందే. ఇలాంటి కారును రోజుల తరబడి చిన్న దూరాలు తిప్పాక ఒకసారి కర్నూలు దారి పట్టించి అరగంట ఆగకుండా నడిపితే ఆ మసి కాలిపోతుంది.

ఈ ప్రాంతపు మెట్ట పొలాల్లో కనిపించే ఆముదానికీ ఇంజన్‌కూ పాత చుట్టరికం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎగిరిన రోటరీ ఇంజన్ విమానాలకు కందెన ఆముదమే. పెట్రోల్లో అంత తేలిగ్గా కరగదు కాబట్టి దాన్ని వాడారు. బండి ఇరుసుకు ఆముదం రాసిన మన రైతుకు అది ఎంత జిగటగా పట్టి ఉంటుందో చెప్పక్కర్లేదు. కాలేకొద్దీ బంకలా గట్టిపడే గుణం వల్ల ఆ తర్వాత ఖనిజ నూనెలకు చోటిచ్చింది.

వేరే కంపెనీ ఆయిల్ కలిపితే విరిగిపోతుందా? విరగదు. ఏపీఐ గుర్తు పొందాలంటే ఆ ఆయిల్ మిగతా ఇంజన్ ఆయిళ్లతో కలిసిపోతుందని పరీక్షలో తేలాలి. సింథటిక్‌లో మినరల్ పోసినా కలుస్తుంది, సింథటిక్‌కు పెట్టిన డబ్బుకు తగ్గ గుణం మాత్రం కొంత తగ్గుతుంది. కాబట్టి బ్రాండు కోసం వెతుకుతూ ఎండిన ఇంజన్‌తో నడపకండి. చిన్న ఊరి కొట్లో మామూలుగా దొరికేది ట్రాక్టర్ల 15డబ్ల్యూ-40, బైకుల 20డబ్ల్యూ-40. బైకు ఆయిల్ క్లచ్ కూడా మునిగి ఉండే ఇంజన్ కోసం చేసింది, దాన్ని వదిలేయండి. మట్టం కింది గీత కంటే దిగిపోయి, సరైనది దూరంగా నంద్యాలలో ఉంటే, సీఐ-4 లేదా సీకే-4 అని రాసిన 15డబ్ల్యూ-40 అర లీటరు పోసుకుని అక్కడిదాకా వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. డీపీఎఫ్ ఉన్న కారైతే బూడిద తక్కువున్న సీకే-4నే ఎంచుకుని, ఏం పోశారో సర్వీసులో చెప్పండి. మూత సీలు తెగిన డబ్బా, లూజు ఆయిల్ మాత్రం ఎంత అవసరమైనా వద్దు.

పోసేటప్పుడు పావు లీటరు చొప్పున పోసి, కాసేపు ఆగి గేజి చూడండి. ఎక్కువైనా ప్రమాదమే. తిరిగే క్రాంక్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగతో పంపు ఒత్తిడి నిలవదు. మరీ ఎక్కువైతే ఆయిల్ గాలి దారిలోకి ఎక్కి మండుతుంది. డీజిల్ ఇంజన్‌కు ఆయిల్ కూడా ఇంధనమే కాబట్టి తాళం తిప్పి ఆపినా ఆగకుండా పరుగెత్తిపోయిన ఇంజన్‌లు ఉన్నాయి.

వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా ఖర్చు మామూలే అని కొన్ని కంపెనీలు మాన్యువల్‌లోనే రాస్తాయి. అంతకు మించితే కారణం వెతకాలి. బేతంచెర్ల నాపరాళ్ల క్వారీల వైపు, సిమెంటు లారీల వెనక రోజూ తిరిగే బండికి మొదట అనుమానించాల్సింది ఎయిర్ ఫిల్టర్‌ని. చిరిగిన ఫిల్టర్ గుండా దూరిన రాతి దుమ్ము రింగులనూ బోరునూ అరగదీస్తుంది. నీలం పొగ వస్తే రింగులు గానీ టర్బో సీలు గానీ చూపించుకోవాలి.

డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ క్యాన్ దీపం చూపేది మట్టం కాదు, ఒత్తిడి. నడుస్తుండగా అది వెలిగితే పక్కన చోటు చూసుకుని వెంటనే ఇంజన్ కట్టేయండి. గేజి చూసి, తగ్గితే పోసి స్టార్ట్ చేయండి. క్షణాల్లో దీపం ఆరిపోవాలి. మట్టం సరిగ్గా ఉండీ ఆరకపోతే ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు, టోయింగ్ బండి పిలవండి.