చాకీ గదిలో కరెంటు హీటరు – ఉష్ణోగ్రత కంట్రోలరు పనిచేసే తీరు



చింతామణి, హోసూరు, కుప్పం ప్రాంతాలలో పుష్య, మాఘ మాసాల రాత్రులు ఉష్ణోగ్రత 15 డిగ్రీల దాకా దిగిపోతుంది. చాకీ పురుగులకు 27 నుంచి 28 డిగ్రీల సెంటీగ్రేడు కావాలి. చలి తగిలిన పురుగు ఆకు సరిగా తినదు. కొన్ని ముందు, కొన్ని వెనుక జ్వరంలోకి వెళతాయి. ఆ ఎగుడుదిగుడు గూడు కట్టే దాకా వెంటాడుతుంది. అందుకే చాలామంది బొగ్గుల కుంపటి మాని, కరెంటు హీటరు, దానికొక ఎలక్ట్రానిక్ కంట్రోలరు పెట్టుకుంటున్నారు.

ఈ పెట్టె స్వయంగా వేడినివ్వదు. హీటరుకు కరెంటు ఎప్పుడు ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి అన్నది మాత్రమే చూస్తుంది. వైరు చివర వ్రేలాడేది సెన్సారు. చాలా పెట్టెలలో ఇది థర్మిస్టరు అనే చిన్న పూస. వేడి పెరిగితే దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. పెట్టెలోని సర్క్యూటు ఆ నిరోధాన్నిబట్టి డిగ్రీలు లెక్కగట్టి, మీరు పెట్టిన అంకెతో పోల్చి చూస్తుంది. తక్కువగా వుంటే రిలే కలుస్తుంది, హీటరు వెలుగుతుంది. అంకె చేరగానే రిలే విడిపోతుంది. మీకు వినిపించే ‘టిక్’ శబ్దం దానిదే. బోరు మోటారు స్టార్టరులో కాంటాక్టరు పడే పద్ధతే ఇదీ.

27 దగ్గర ఆపి, కాస్త చల్లబడగానే మళ్ళీ వేస్తే రిలే ఊరక కొట్టుకొని పాడవుతుంది. కనుక మధ్యలో కొంత తేడా వుంచుతారు. తేడా 1 డిగ్రీ అయితే, 27 దగ్గర ఆగిన హీటరు 26కు దిగాకనే మళ్ళీ వెలుగుతుంది. కొన్ని పెట్టెలు 2 డిగ్రీల తేడాతో వస్తాయి. చాకీకి 1 డిగ్రీ మించనీయకండి.

ప్రొద్దున గది చల్లగా వుందని అంకెను 32కు పెంచేవారున్నారు. దానివల్ల గది త్వరగా వేడెక్కదు. హీటరును ఎక్కువగా మండించడం ఈ పెట్టెకు తెలియదు. వేయడం, ఆపడం రెండే తెలుసు. 27 దాకా ఎక్కే వేగం ఒక్కటే. అయితే అక్కడ ఆగక 32కు పోతుంది, అప్పటికి మీరు ఆకు కోస్తూ తోటలో వుంటారు!

అన్నిటికన్నా ముఖ్యం సెన్సారు వుండే చోటు. హీటరు ప్రక్కన కడితే గది వేడెక్కకముందే కరెంటు ఆగిపోతుంది. తలుపు దగ్గర కడితే చలిగాలి తగిలి హీటరు అవసరానికి మించి మండుతుంది. నేను చూసిన ఒక గదిలో పెట్టె 27 చూపిస్తున్నది, క్రింది తట్టలో పెట్టిన థర్మామీటరు 23 చూపింది. సెన్సారు కప్పు క్రింద, వేడిగాలి చేరే చోట వ్రేలాడుతోంది. పై తట్టల పురుగులు జ్వరం లేచినా క్రింది తట్టలవి లేవలేదు. ఆ రైతు గ్రుడ్లను అనుమానిస్తున్నాడు! సెన్సారును నడిమి తట్ట ఎత్తుకు దించండి. గోడను, ఆకును తాకనీయకండి. తట్టలకు నేరుగా గాలి తగలకుండా చిన్న ఫ్యాను నెమ్మదిగా తిప్పితే పైవేడి క్రిందికి కలుస్తుంది. పాదరసం థర్మామీటరు ఒకటి ప్రక్కనే వుంచి, రెండు అంకెలూ సరిపోతున్నాయేమో రోజూ చూడండి.

హీటరు తేమనివ్వదని మరువకండి. 18 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ వున్న గాలినే 27కు వేడిచేస్తే, ఆ తేమ 50 శాతం కన్నా దిగిపోతుంది. చాకీకి 85 నుంచి 90 శాతం కావాలి. తడి గోనెపట్టాలు కట్టండి, తట్టలపై పారఫిన్ కాగితం కప్పండి. జ్వరంలో వున్నప్పుడు మాత్రం ఇవి తీసివేయాలి.

2 కిలోవాట్ల హీటరు 230 వోల్టుల దగ్గర సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది. చిన్న పెట్టెలలో రిలే సాధారణంగా 10 ఆంపియర్లది. రాత్రంతా అంచున పనిచేస్తే దాని కాంటాక్టులు అతుక్కుపోవచ్చు. అప్పుడు పెట్టె ‘ఆపాను’ అంటుంది, హీటరు మండుతూనే వుంటుంది, తెల్లవారేసరికి తట్టలు పోతాయి. కాబట్టి ఇంత హీటరుకు విడిగా కాంటాక్టరు పెట్టించండి. 30 డిగ్రీలు దాటితే హీటరు లైనును తెంపే రెండవ థర్మోస్టాటు కూడా వుంటే మంచిది. ఎర్తు తప్పనిసరి.

గది శుద్ధికి బ్లీచింగు ద్రావణం చల్లే ముందు పెట్టెను, సెన్సారును విప్పి బయట పెట్టండి. పెద్ద పురుగులకు కూడా ఇదే పెట్టెను వాడుతుంటే మూడవ దశలో 26, నాలుగవ దశలో 25, అయిదవ దశలో 24కు అంకె తగ్గించాలి.