పొట్టు కాదు, చెట్టు కాయ

లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని కథ మన సంఘాల్లో సండేస్కూలు పిల్లలకు సైతం తెలుసు. పందులు తినే పొట్టుతో కడుపు నింపుకోవాలని అతడు ఆశపడ్డాడని చదవగానే మన కళ్ల ముందు తవుడు, చిట్టు కనిపిస్తాయి. తెలుగు బైబిల్లో ‘పొట్టు’ అనే ఉంది మరి. కానీ లూకా రాసిన గ్రీకు మాట ‘కెరాటియా’. చిన్న కొమ్ములు అని అర్థం. కొమ్ములా వంపు తిరిగే కారబ్ చెట్టు కాయలకు అది పేరు.

కారబ్ మన దేశపు చెట్టు కాదు, మధ్యధరా తీరాలది. అయినా మన చింతకు దూరపు చుట్టమే. రెండూ చిక్కుడు కుటుంబానివే. రాతి నేలలో, వానలు అంతంతమాత్రంగా పడే చోట కూడా ఏడాది పొడవునా పచ్చగా నిలుస్తుంది. కాయలు ముదురు కొమ్మలకు, ఒక్కోసారి మానుకే వేలాడతాయి. పండితే ముదురు గోధుమరంగు. గుజ్జు మన చింతపండులా పులుపు కాదు, తీపి. గింజ మాత్రం రాయే. వజ్రాలు తూచే ‘క్యారెట్’ పేరు ఈ గ్రీకు మాట నుంచే వచ్చింది. గింజల నుంచి తీసే జిగురును ఐస్‌క్రీముల్లో చిక్కదనానికి వాడుతున్నారు. బాప్తిస్మమిచ్చు యోహాను తిన్నది మిడతలు కాదు, ఈ కాయలేనని కొందరంటారు. మేము ఒప్పుకోం. మత్తయి రాసిన మాటకు అర్థం మిడతే. మిడతలు తినవచ్చని లేవీయకాండం 11వ అధ్యాయమే చెబుతోంది.

ఈ కాయలు పశువుల మేత, పేదల తిండి కూడా. హనీనా బెన్ దోసా అనే రబ్బీ వారమంతా ఒక కొలత కారబ్ కాయలతోనే గడిపేవాడని తల్మూదు చెబుతోంది. 1941-42లో శత్రు సైన్యాల ఆక్రమణలో ఉన్న గ్రీసులో కరవు వచ్చినప్పుడు కూడా జనం వీటిని తిన్నారు. ఈ కాయలు తినే గతి పడితేనే ఇశ్రాయేలీయులు పశ్చాత్తాపపడతారన్న భావం రబ్బీల వ్యాఖ్యానాల్లో ఉంది. అది రాతలోకి వచ్చింది ప్రభువు కాలం తర్వాతే. అయినా ఆ నేల మీద ఈ కాయను ఎలా చూసేవారో దాన్నిబట్టి తెలుస్తుంది.

అంటే ఆ కుమారుడు ఆశపడింది మనిషి ముట్టని చెత్తకు కాదు, బీదవాడి కూటికి. పందులకు దొరికింది, అతనికి దొరకలేదు. ప్రసంగాల్లో పందుల కంపు గురించే ఎక్కువ వింటాం. యూదునికి అది అవమానమే, కాదనం. కానీ ఎవరూ అతనికి ఏమీ పెట్టలేదన్న సంగతి కూడా ఆ వచనంలోనే ఉంది. గల్ఫ్‌కో హైదరాబాద్‌కో వెళ్లి, అప్పులపాలై, ముఖం చూపలేక క్రిస్మస్‌కు కూడా ఇంటికి రాని పిల్లలు మన సంఘాల్లో ఉన్నారు. వాళ్ల తల్లులు ప్రార్థన చేయమని వచ్చినప్పుడు అప్పు సంగతి ఎత్తరు. ‘వాడు తిన్నాడో లేదో, అయ్యగారూ’ అంటారు.