కొండచిలువను పెంచుకుందామా?

ఈ నెల మీలో కొందరికి ఒళ్ళు జలదరించే సంగతి వ్రాయుచున్నాము.

గడచిన వర్షాకాలము చివర కార్ఖానాలో మా సంఘ కుటుంబము ఒకరింటికి గృహప్రార్థనకు వెళ్ళాము. ప్రార్థన ముగిసి టీ త్రాగుచుండగా ఆ ఇంటి అబ్బాయి, డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నవాడు, "అయ్యగారూ, మా అమ్మకు మీరొక మాట చెప్పాలి" అని మమ్మును మేడమీదికి తీసుకొని పోయాడు. అక్కడ ఒక పాత చేపల తొట్టి, దానిపై చెక్క పలక, పలక కదలకుండా వాళ్ళ నాయనమ్మ రుబ్బురోలు పొత్రము. లోపల రెండడుగుల కొండచిలువ పిల్ల చుట్ట చుట్టుకొని యున్నది. మెదక్ వైపు పల్లెలో వాళ్ళ మేనమామకు పొలము గట్టున దొరికితే గోనె సంచిలో వేసి తెచ్చాడట. తల్లి మూడు రోజులుగా మేడ ఎక్కలేదు. ఇంట్లో అక్క కొడుకు, రెండేండ్ల పసివాడు, పాకుచూ నడుచుచూ ఉన్నాడు.

మాకు పాములంటే ప్రేమ లేదు, దాచుట దేనికి? ఏదెను తోట కథ చెప్పి కనబడిన ప్రతి పామునూ కర్రతో కొట్టే పెద్దల మధ్యనే మేమూ పెరిగాము. అయినా ఆ అబ్బాయి ముఖము చూచి కోప్పడలేకపోయాము. "దీనిని పెంచుటకు ఏమేమి సిద్ధపరచుకున్నావు?" అని మాత్రము అడిగాము. "ఎలుకలు తెస్తాను అయ్యగారూ" అన్నాడు. అంతకుమించి ఏమీ ఆలోచించలేదు.

ఆ రాత్రి తెలిసినవారిని అడిగి, కొంత చదివి, మరునాడు మళ్ళీ వెళ్ళి వానితో కూర్చున్నాము. పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకొనలేదు. కనుక పెట్టెలో ఒక వైపు 32 డిగ్రీలు, రెండవ వైపు 26 డిగ్రీల లోపు ఉంటే అది కావలసిన చోటికి జరుగుతుంది. వేడి పలకకు దానంతట అది ఆగే థర్మోస్టాటు లేకపోతే పొట్ట కాలిపోతుంది. దాగుటకు చీకటి గూడు, మునుగుటకు నీళ్ళ పళ్ళెము, తాళము పడే మూత కావాలి. పొత్రము చాలదు, పాము తలతో నెట్టి నెట్టి సందు వెదకుతుంది. బ్రతికిన ఎలుకను లోపల వదిలితే అదే పామును కొరుకుతుంది గనుక చంపినదానినే పెట్టాలి. మేత తిన్న తరువాత రెండు రోజులు ముట్టరాదు. ముట్టినప్పుడెల్లా చేతులు సబ్బుతో కడగాలి, ఎందుకంటే సాల్మొనెల్లా అనే క్రిమి వీటి ఒంటిమీద ఉండి పసివారికి విరేచనములు, జ్వరము తెస్తుంది. ఐదేండ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఈ జంతువులు వద్దనే వైద్యులు చెప్పుచున్నారు.

ఇదంతా చిన్న పాము సంగతి. మన కొండచిలువ పది అడుగులకు పెరుగుట మామూలే. అప్పుడు ఎలుకలు చాలవు, కోళ్ళు, కుందేళ్ళు కావాలి. ఎనిమిదడుగులు దాటిన పాముకు ఒక్కరే మేత పెట్టరాదు, ప్రక్కన రెండవ మనిషి ఉండి తీరాలి. ఇరవై ఏండ్లకు పైగా బ్రతుకుతుంది. "నీకు దుబాయిలో ఉద్యోగము వచ్చినదనుకో, ఎవరు చూస్తారు? మీ అమ్మా?" అని అడిగితే అబ్బాయి నేల చూపులు చూచాడు.

అసలు మాట చివరకు చెప్పాము. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టములో కొండచిలువ మొదటి షెడ్యూలులో ఉన్నది, పులితో పాటుగా. పట్టినా, దాచినా, అమ్మినా మూడు నుండి ఏడేండ్ల జైలు. 2022 సవరణ తరువాత జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. ఈ మాట విని మేడ ఎక్కని తల్లి ఎక్కి వచ్చినది!

హైదరాబాదులో 1995 నుండి పనిచేయుచున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వారికి ఫోను చేశాము. ఇండ్లలో దూరిన పాములను పట్టి అటవీశాఖ ద్వారా అడవికి చేర్చుట వారి పని. వచ్చిన యువకుడు పామును చూచి, మేనమామ ఎలా పట్టాడని అడిగాడు. వట్టి చేతితోనని చెప్పగా తల పట్టుకున్నాడు. కొండచిలువ పిల్లకూ రక్తపింజరికీ పోలిక ఉన్నది. రక్తపింజరి మచ్చలు గొలుసు కట్టినట్టు వరుసగా ఉంటవి, కొండచిలువవి అడ్డదిడ్డముగా ఉంటవి. చీకటిలో, వరి దుబ్బులలో ఆ తేడా ఎవరికి తెలియును? పల్లెలలోని మా చదువరులు ఇది గుర్తుంచుకొనగోరుచున్నాము. కాటు పడితే కట్టు బిగించుట, కోయుట, మంత్రము వేయించుట వద్దు. ఆ కాలు లేక చేయి కదలనీయక నేరుగా విషపు విరుగుడు మందున్న ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి.

అబ్బాయి ఊరుకోలేదు. "మరి ఆఫ్రికా బాల్ పైథాన్‌ను పెంచుచున్నారు కదా?" అన్నాడు. నిజమే, అది నాలుగైదు అడుగులు దాటదు, సాధువైనది, మొదటిసారి పెంచేవారికి దానినే చెప్పుదురు. కాని దానికీ 2024 నిబంధనల ప్రకారము పరివేష్ పోర్టలులో రిజిస్ట్రేషను చేయించాలి. కాగితములు లేకుండ అమ్మేవాని దగ్గర కొనరాదు. అదియు ముప్పై ఏండ్లు బ్రతకగలదు.

అమెరికాలోని ఫ్లోరిడాలో కొందరు బర్మా కొండచిలువలను ముద్దుగా కొని, పెరిగిన తరువాత మోయలేక ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవిలో వదిలారు. అవి అక్కడి కుందేళ్ళను, రకూన్లను దాదాపు లేకుండ చేసినవి. 2012లో ఆ దేశము వాటి దిగుమతిని నిషేధించినది. 2017లో వాటిని పట్టుటకు మన ప్రక్క తమిళనాడు నుండి ఇరుల తెగవారైన మాసి సడయన్, వడివేల్ గోపాల్‌లను పిలిపించుకున్నారు. 2023లో వారిద్దరికి పద్మశ్రీ వచ్చినది. ఈ కథ వినగానే అబ్బాయి కండ్లు మెరిసినవి. పామును పట్టి బ్రతికించుట కూడా ఒక పనియేనని వానికి అంతవరకు తోచలేదేమో.

సంచి మూతి కట్టేటప్పుడు అబ్బాయి కొంచెము ఏడ్చాడు. మేము చూడనట్టు నిలబడ్డాము. క్రిందికి దిగేసరికి నాయనమ్మ పొత్రమును మూడు నీళ్ళు పోసి కడిగి, ఇంకా వాసన చూచుచూనే ఉన్నది.